పెద్దవాళ్ళ కడుపు, నొప్పుల బిళ్ళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాళ్ళకో నడుముకో రోజూ బిళ్ళ వేసుకునే అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్న ఇళ్ళ కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మందులు మార్చాలన్నా ఆపాలన్నా వాళ్ళను చూసే డాక్టర్‌తో మాట్లాడాకే.

నొప్పుల బిళ్ళలన్నీ ఒకటేనా? కడుపుకి చేటు చేసేవి ఏవి?

రెండు రకాలుగా విడదీసుకుంటే చాలు. ఒకటి పారాసిటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ ఇదే. మామూలు మోతాదులో వాడితే దీనివల్ల కడుపులో పుండ్లు పడే భయం దాదాపు లేదు. రెండోది నొప్పితో పాటు వాపు కూడా తగ్గించే రకం. డాక్టర్లు వీటిని ఎన్‌సెయిడ్స్ అంటారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, కెటోరోలాక్, మెఫెనమిక్ యాసిడ్, ఎటోరికాక్సిబ్ ఈ జాతివే. ఆస్పిరిన్ కూడా. ఇకమీద ‘నొప్పుల బిళ్ళ’ అన్నచోటల్లా ఈ రెండో రకమనే అనుకోండి.

చిక్కేమిటంటే, షీటు మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో, అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. జీరోడాల్-ఎస్‌పీ షీటు తిప్పి చూడండి: ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా., సెర్రాషియోపెప్టిడేజ్ 15 మి.గ్రా. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. ఒక పెద్దాయనకు మోకాళ్ళకని ఎముకల డాక్టర్ మొదటిది రాశారనుకోండి. పంటి నొప్పికి షాపులో రెండోది ఇచ్చారు. మధ్యలో ఒళ్ళు వెచ్చబడితే డోలో పడింది. మూడు వేరువేరు జబ్బులకు మూడు వేరువేరు మందులని ఆ పెద్దాయన లెక్క. ఒంట్లోకి వెళ్ళింది రెండు ఎన్‌సెయిడ్‌లు, మూడు దఫాల పారాసిటమాల్.

ఇవి కడుపులో పుండు ఎలా చేస్తాయి?

మన కడుపులో ఊరే ఆమ్లం మాంసాన్ని కూడా అరిగించేంత గట్టిది. అది కడుపు గోడనే తినెయ్యకుండా లోపల జిగురు పొర ఒకటి ఉంటుంది. ఆ జిగురు ఊరడానికి, గోడకి రక్తం బాగా అందడానికి ప్రోస్టాగ్లాండిన్‌లనే పదార్థాలు కావాలి. దెబ్బ తగిలిన చోట నొప్పి, వాపు పెంచేవి కూడా ఇవే. ఆస్పిరిన్ లాంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీనే అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. మోకాలి వాపు తగ్గించే పని, కడుపు రక్షణ తీసేసే పని రెండూ ఒకే దెబ్బకి జరుగుతాయన్నమాట.

అందుకే మందు ఏ దారిన ఒంట్లోకి వెళ్ళినా ముప్పు ఉంటుంది. తుంటికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కడుపులోకి వెళ్ళదు కదా అంటారు. రక్తంలో కలిశాక అదీ ఇదే పని చేస్తుంది. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్ళాక కరిగే పూత వేసిన బిళ్ళల సంగతీ అంతే.

అన్నం తిన్నాక, పాలు తాగాక వేసుకుంటే ఏమీ కాదంటారు. నిజమా?

మంట, వికారం కొంత తగ్గుతాయి. ఆ మేరకు మంచి అలవాటే. పుండు పడడాన్ని మాత్రం అన్నం ఆపలేదు, కారణం పైన చెప్పిందే. మజ్జిగ, సబ్జా నీళ్ళు, ‘చలవ’ చేసే ఇంకేవైనా సరే ఇదే మాట. గ్లాసు నిండా నీళ్ళతో మింగి, వెంటనే నడుం వాల్చకుండా ఉండడం మాత్రం మరవొద్దు. బిళ్ళ గొంతు కింద అన్నవాహికలో అతుక్కుంటే అక్కడే పుండు పడుతుంది.

మా నాన్నగారు ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటున్నారు. ఒక్కనాడూ కడుపు నొప్పి అనలేదు. అంటే ఆ మందు ఆయన ఒంటికి సరిపడినట్టే కదా?

ఎక్కువ ఇళ్ళు మోసపోయేది ఇక్కడే. వయసు మళ్ళినవాళ్ళలో ఈ మందుల వల్ల వచ్చే పుండ్లు చాలాసార్లు నొప్పి లేకుండానే పెరుగుతాయి. వయసుతో కడుపు నొప్పి తెలియడం తగ్గుతుంది. దానికి తోడు వేసుకుంటున్నదే నొప్పి చంపే మందు. పుండు మొదటిసారి బయటపడడమే రక్తం పోవడంతోనో, కడుపుకి చిల్లు పడడంతోనో జరగొచ్చు.

కాబట్టి ‘కడుపు నొప్పి ఉందా నాన్నా?’ అని అడిగితే జవాబు దొరకదు. వేరేవి అడగాలి. మెట్లెక్కితే ముందుకంటే ఎక్కువ ఆయాసం వస్తోందా? పొద్దున్న లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా? రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందా? మొహం పాలిపోయిందా? పుండు నుంచి రోజూ కొంచెం కొంచెంగా రక్తం కారుతుంటే ఇలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ‘వయసైపోయింది’ అంటారు, ఆయనా అదే అనుకుంటారు. ఒక్క హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే చాలావరకు తేలిపోతుంది. రోజూ నొప్పుల బిళ్ళ వేసుకునే పెద్దవాళ్ళకు ఏ ఫిర్యాదూ లేకపోయినా అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేయించాలని మా అభిప్రాయం. మందుల ఖర్చు ముందు దాని ఖర్చు ఏపాటిది?

ఇంకోటి, మలం రంగు. మొహమాటపడకుండా అడగండి. పై నుంచి వచ్చిన రక్తం పేగుల్లో జీర్ణమై తారులా నల్లగా, జిగటగా దిగుతుంది. వాసన మామూలుగా ఉండదు, బాత్‌రూమ్‌లోకి తర్వాత వెళ్ళినవాళ్ళకు కూడా తెలుస్తుంది. నీళ్ళు పోసినా తేలిగ్గా పోదు. చాలామంది పెద్దవాళ్ళు దీన్ని ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుని కొబ్బరి బొండాం తాగి ఊరుకుంటారు. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్ళకు కూడా మలం నల్లగానే ఉంటుంది, కానీ అంత జిగట, అంత కంపు ఉండవు. తేడా తేల్చుకోలేకపోతే రక్తమే అనుకుని డాక్టర్‌ని కలవండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన పరిస్థితి ఏది?

తారులాంటి నల్లటి మలం. రక్తం వాంతి, లేదా కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి. లేచి నిలబడితే పడిపోవడం, చల్లటి చెమటలు. ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి వచ్చి పొట్ట బిగుసుకుపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. నోటికి ఏమీ పెట్టకండి, గ్యాస్ సిరప్ కూడా. వాడుతున్న షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే ఆ మాట ముందుగా చెప్పాలి.

నొప్పుల బిళ్ళతో పాటు గ్యాస్ బిళ్ళ కూడా ఇస్తున్నారు. ఇంక భయం లేనట్టేనా?

ఏ గ్యాస్ బిళ్ళ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాంటొప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి ఆమ్లం ఊరడాన్ని బాగా తగ్గిస్తాయి. కడుపులో, చిన్నపేగు మొదట్లో పుండ్లు పడే ముప్పు వీటితో నిజంగానే తగ్గుతుంది. అయితే పొద్దున్న టిఫిన్‌కి అరగంట, గంట ముందు పరగడుపున వేసుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు బిళ్ళలూ కలిపి మింగితే సగం ఫలితం పోయినట్టే. రానిటిడిన్ మామూలు మోతాదులో కడుపు పుండ్లని సరిగా ఆపలేదు. జెలూసిల్, డైజీన్ లాంటివి అప్పటికి మంట చల్లారుస్తాయి, అంతే.

పాంటొప్రజోల్ వేసుకున్నా కూడా చిన్నపేగు కింది భాగానికి, పెద్దపేగుకి రక్షణ లేదు. నొప్పుల బిళ్ళలు అక్కడ కూడా పుండ్లు చేస్తాయి, రక్తం కారుస్తాయి. గుండె, కిడ్నీల మీద వాటి ప్రభావాన్ని గ్యాస్ బిళ్ళ ఏమీ చెయ్యలేదు.

గ్యాస్ బిళ్ళ షీటు మీద పేరు చివర ‘డి’ ఉంటే మామూలుగా అందులో వాంతులు ఆపే డోంపెరిడోన్ కలిపారని. 60 దాటినవాళ్ళలో అది గుండె లయ తప్పించే ప్రమాదం ఎక్కువ. వాంతులు, వికారం లేనప్పుడు అది ఎందుకని డాక్టర్‌ని అడగొచ్చు. గ్యాస్ బిళ్ళే ఏళ్ళ తరబడి సాగితే బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో మరీనూ.

ఎవరికి ముప్పు ఎక్కువ?

ఇంతకుముందు ఎప్పుడైనా అల్సర్ వచ్చినవాళ్ళకి, అందులోనూ రక్తం పోయినవాళ్ళకి అందరికంటే ఎక్కువ. 65 దాటితే పెరుగుతుంది, 75 దాటితే ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్ళకు ఏ మందులు తగవో చెప్పే బీయర్స్ జాబితా అని అమెరికాలో 1991 నుంచి ఒకటి ఉంది. అక్కడి వృద్ధుల వైద్య నిపుణుల సంఘం దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది. 75 దాటినవాళ్ళకి వేరే దారి ఉన్నంతవరకు ఈ బిళ్ళలు రోజూ వాడకూడదని, తప్పక వాడితే పాంటొప్రజోల్ లాంటి కడుపు రక్షణ మందు ఉండాలని అది చెబుతుంది. కెటోరోలాక్, ఇండోమెథాసిన్ అయితే వాళ్ళకసలు వద్దంటుంది.

మిగతాది ఇంకేం మందులు వాడుతున్నారన్నదాన్ని బట్టి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌లు, డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్, ఎసిటాలోప్రామ్ రకాలు తోడైతే రక్తం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. రోజూ మద్యం, పొగ ఉంటే అదీ కలుస్తుంది.

గుండెకి రోజూ 75 ఆస్పిరిన్ వాడుతున్నారు. ఇదంతా చదివాక అదీ ఆపెయ్యాలా?

వద్దు. స్టెంట్ వేసినవాళ్ళు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు దాన్ని సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. చిన్న మోతాదు ఆస్పిరిన్‌తో కూడా రక్తం పోయే ముప్పు కొంత ఉన్న మాట నిజమే. దానికి డాక్టర్ కడుపు రక్షణ మందు కలుపుతారు. ఆపాల్సింది దాని పక్కన చేరిన మోకాళ్ళ బిళ్ళని. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ గుండెకి చేసే మేలుకి కూడా అడ్డుపడుతుంది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు గ్యాస్ బిళ్ళల్లో ఒమెప్రజోల్ బదులు సాధారణంగా పాంటొప్రజోల్ రాస్తారు.

జబ్బేమీ లేకుండానే ‘గుండెకి మంచిదట’ అని ఎవరో చెబితే ఆస్పిరిన్ మొదలుపెట్టిన పెద్దవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు అది నిజంగా అవసరమా అని డాక్టర్‌ని అడగాల్సిందే.

కడుపుకి మంచిదని డాక్టర్ ఎటోరికాక్సిబ్ రాశారు. వాడొచ్చా?

కడుపు మీద దెబ్బ తక్కువే. ఆస్పిరిన్ తోడైతే ఆ లాభం చాలావరకు పోతుంది. బీపీ పెంచుతుంది, గుండె జబ్బున్నవాళ్ళకు తగదు. ఈ జాతిదే రోఫెకాక్సిబ్ అనే మందు గుండెపోట్లు పెంచుతోందని తేలి 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తీసేశారు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ ఒక సూది వేసి, నాలుగు రంగు బిళ్ళలు పొట్లం కట్టి ఇస్తారు. రెండు రోజుల్లో లేచి పొలం వెళ్తుంది అమ్మ. అంత బాగా పనిచేసేది చెడ్డదెలా అవుతుంది?

అంత బాగా పనిచెయ్యడమే అనుమానించాల్సిన విషయం. ఆ సూదిలో చాలాసార్లు డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ ఉంటాయి. రెండోది స్టెరాయిడ్. పొట్లంలో కూడా స్టెరాయిడ్ ఉండొచ్చు. నొప్పుల బిళ్ళకి స్టెరాయిడ్ కలిస్తే కడుపు పుండ్ల ముప్పు రెండింటి లెక్క విడివిడిగా కూడినదానికంటే ఎక్కువవుతుంది. ఆ పైన షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఆకలి విపరీతంగా వేస్తూ మొహం గుండ్రంగా ఉబ్బుతోందంటే స్టెరాయిడ్ చాలా రోజులుగా లోపలికి వెళ్తోందని అర్థం. అప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకండి. స్టెరాయిడ్ అలవాటైన ఒంటికి హఠాత్తుగా ఆపడం ప్రమాదం. ఫిజీషియన్‌కి చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

షాపులో షీటు కత్తిరించి విడి బిళ్ళలు ఇస్తే ఆ ముక్క మీద మందు పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. రేపు రక్తం వాంతి అయితే ఏం వేసుకున్నారో ఏ డాక్టరూ చెప్పలేరు. పేరున్న ముక్క ఇమ్మని అడగండి, లేదా షీటుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ‘చెట్ల మందు’, ‘వంద శాతం మూలికలు’ అని అమ్మే పొడుల్లో కూడా స్టెరాయిడ్‌లు, డైక్లోఫెనాక్ కలిపినవి బయటపడిన సందర్భాలున్నాయి. మూడు రోజుల్లో మోకాళ్ళ నొప్పి మాయం చేసే మూలిక ఏదీ లేదు.

అమెరికా నుంచి మా అబ్బాయి పెద్ద డబ్బాలు తెచ్చాడు. అవి మంచివే కదా?

డబ్బా పెద్దది, మందు మాత్రం అదే జాతి. అడ్విల్ అంటే ఐబుప్రొఫెన్ 200. అలీవ్ అంటే నాప్రాక్సెన్ సోడియం 220. టైలెనాల్ అంటే మన పారాసిటమాల్, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. పేరు చివర ‘పీఎం’ ఉన్న డబ్బాల్లో నిద్ర మందు కూడా ఉంటుంది. దానితో పెద్దవాళ్ళకు మతి తప్పినట్టవడం, రాత్రి లేచి పడిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం జరగొచ్చు. చీటీ లేకుండా అక్కడ దొరుకుతుంది కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. అడ్విల్, అలీవ్ డబ్బాల మీదే ‘పది రోజులకు మించి వాడొద్దు’ అని, కడుపులో రక్తం పోయే ముప్పు 60 దాటినవాళ్ళకు ఎక్కువని రాసి ఉంటుంది. పంపే పిల్లలు ఆ లేబుల్ ఒకసారి అమ్మానాన్నలకు తెలుగులో చదివి వినిపిస్తే బాగుంటుంది.

కిడ్నీలకు కూడా దెబ్బేనా?

అవును. ముఖ్యంగా బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందు, దానితో పాటు నీరు తీసే మందు వాడుతున్నవాళ్ళు నొప్పుల బిళ్ళ కలిపితే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినొచ్చు. విరేచనాలో ఎండదెబ్బో తగిలి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బు ముందే ఊళ్ళని పట్టి పీడిస్తున్న చోట, ఇది అసలే ముట్టుకోకూడని మందు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. నొప్పి జీవితాంతం ఉంటుంది, దానికి రోజూ ఈ బిళ్ళే ఆధారం చేసుకుంటే కడుపూ కిడ్నీ రెండూ పోతాయి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మన దేశంలో రాబందులు దాదాపు కనుమరుగవడానికి కారణం డైక్లోఫెనాకే. పశువులకు వేసిన మందు కళేబరాల ద్వారా వాటికి చేరి కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్ళు రాబందు అంత సున్నితం కాదు, అయినా ఈ సంగతి విన్నాక బిళ్ళ తగ్గించిన పెద్దాయనలున్నారు.

మరి నొప్పి భరించమంటారా?

లేదు. నొప్పితో మంచానికి అతుక్కుపోవడం కూడా జబ్బే. ముందు పారాసిటమాల్. 650 బిళ్ళ రోజుకి మూడు, ఎక్కువలో ఎక్కువ నాలుగు, మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం. లివర్ జబ్బున్నవాళ్ళకు, తాగే అలవాటున్నవాళ్ళకు, బాగా బక్కగా ఉన్నవాళ్ళకు డాక్టర్ ఇంకా తగ్గిస్తారు. మోకాళ్ళ అరుగుదలకి దీనితో గొప్ప ఉపశమనం రాదని చాలామంది అంటారు, అది నిజమే. అందుకే దీనొక్కదాని మీదే ఆధారపడొద్దు.

మోకాళ్ళకు, చేతి వేళ్ళకు డైక్లోఫెనాక్ జెల్ మంచి దారి. చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది బిళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. ఒకసారి రాసి పని చెయ్యలేదనకుండా, రోజుకి మూడు నాలుగు సార్లు, వారం పదిరోజులు రాసి చూడాలి. నడుము నొప్పికి అంతగా అందదు. అమృతాంజనం, జండూ బామ్ లాంటివి హాయినిస్తాయి, రాసుకోనివ్వండి. అమృతాంజనం 1893లో మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే. వార్ఫరిన్ వాడేవాళ్ళు మాత్రం మిథైల్ సాలిసిలేట్ ఉన్న బామ్‌లు ఒళ్ళంతా పట్టించకూడదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం పనిచేసేది తొడ కండరాల వ్యాయామం. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాచి, అయిదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించాలి. రెండో కాలు కూడా అంతే. పదిసార్లు పొద్దున్న, పదిసార్లు సాయంత్రం. టీవీలో సీరియల్ చూస్తూ చెయ్యొచ్చు, అందుకే నిలబడుతుంది ఈ అలవాటు. నెలా రెండు నెలలు పడుతుంది తేడా తెలియడానికి. నేల మీద బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం మానేసి కుర్చీ, కమోడ్‌కి మారాలి. చేతికర్ర నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి, చాలామంది తిప్పి పట్టుకుంటారు. బరువు కాస్త తగ్గినా మోకాలికి చాలా తేలిక. ఇవన్నీ చేసినా నడవలేకపోతే మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి మాట్లాడాలి. ఆపరేషన్ భయంతో పదేళ్ళు బిళ్ళలు మింగడం ఆపరేషన్ కంటే చిన్న సాహసమేమీ కాదు.

నొప్పి బాగా ఎక్కువైన కొద్ది రోజులు డాక్టర్ బిళ్ళ రాస్తే తప్పు లేదు. ఒకే రకం, తక్కువ మోతాదు, తక్కువ రోజులు, పక్కన కడుపు రక్షణ మందు. ఆ చీటీని ఆర్నెల్ల తర్వాత మళ్ళీ షాపుకి తీసుకెళ్ళడంతోనే గొడవ మొదలవుతుంది.

కడుపులో పుండు ఉందేమో చూడడానికి ఎండోస్కోపీ చెయ్యాలన్నారు. మా పెద్దవాళ్ళు భయపడుతున్నారు.

ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. గొంతుకి మందు కొట్టి, సన్నటి గొట్టం లోపలికి పంపి చూస్తారు. మామూలుగా పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. రక్తం కారుతుంటే అప్పుడే క్లిప్ వేసి ఆపగలరు. చిన్న ముక్క తీసి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేస్తారు. కడుపు పుండ్లకు అది కారణమని కనిపెట్టినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో ఈ బ్యాక్టీరియా చాలా మామూలు. అదీ ఉండి నొప్పుల బిళ్ళా వేసుకుంటే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, ఉందని తేలితే రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాలి.

పుండు మానాక మళ్ళీ వాడొచ్చా?

పుండు మానడానికి సాధారణంగా రెండు నెలల వరకు మందు వాడాలి. ఆ తర్వాత కూడా నొప్పుల బిళ్ళకి మళ్ళీ దగ్గరవకపోవడమే మంచిది, ఒకసారి రక్తం పోయినవాళ్ళకు రెండోసారి పోయే అవకాశం ఎక్కువ. ఇకముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే, ‘నాకు అల్సర్ వచ్చింది’ అని ముందే చెప్పాలి. మందుల ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టండి.

అన్నీ చెప్పినా మా అత్తయ్యగారు వినరు. దిండు కింద దాచుకుని మరీ వేసుకుంటారు.

పోట్లాడితే దాచే చోటు మారుతుంది, అంతే. షీట్లు పారెయ్యకండి, ఆవిడకి మీ మీద నమ్మకం పోతుంది. వాటిని ఒకసారి ఆవిడ ముందే మంచం మీద పరిచి, వెనక ఉన్న పేర్లు చదివి, ఒకే జాతివి ఒకచోట పెట్టండి. ఒక్క రకం ఉంచుకుని మిగతావి పక్కన పెట్టడానికి చాలామంది ఒప్పుకుంటారు. ఏ వేళప్పుడు నొప్పి ఎక్కువో అడగండి. పొద్దున్న గుడికి వెళ్ళే ముందు అంటే, బయల్దేరడానికి అరగంట ముందు పారాసిటమాల్ ఇచ్చి జెల్ మీరే రాయండి. హిమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు ఈ వారమే చేయించి, రిపోర్టుతో పాటు ఆ షీట్లన్నీ డాక్టర్ బల్ల మీద పెట్టండి. మీ మాట వినని అత్తయ్య, డాక్టర్ హిమోగ్లోబిన్ అంకె చూపించి చెబితే వినే అవకాశం ఎక్కువ.